పొగమంచు కాదు, పొగ: గాలి సంగతి చూడవలసిన అధికారులకు నెల్లూరు జిల్లా నుంచి ఒక బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. ఈ ఉత్తరం ఎవరి పేరున రాయాలో తేలక మీ అందరికీ కలిపి రాస్తున్నాను. వానను చూసే శాఖ ఉంది, పంటను చూసే శాఖ ఉంది, చెత్తకు ఒకరున్నారు, ఫ్యాక్టరీ గొట్టాలకు ఒకరున్నారు. తెల్లారి లేచి మా ఊళ్లో జనం పీల్చే గాలి వీటిలో ఎవరి పద్దు కిందికి వస్తుందో రెండేళ్లుగా తిరుగుతున్నా నాకు తెలియలేదు. మీలో మీరు తేల్చుకుని చెబితే సంతోషిస్తాను.

నేను కోవూరు మండలంలో ఒక రైస్ మిల్లు గుమాస్తాని. వాతావరణ శాస్త్రం చదవలేదు. అయితే మా పనిలో ఆకాశం చూడకుండా పూట గడవదు. వడ్లలో తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో కాటా ఎక్కవు. మబ్బు పట్టిందంటే, పుట్టికి ఎంత తరుగు తీస్తారోనని రైతు నా మొహం వైపు చూస్తాడు, నేను తేమ మిషను వైపు చూస్తాను. (బయటి జిల్లాల వారి కోసం: మా దగ్గర పుట్టి అంటే 850 కిలోలు.) అట్లా మొదలైంది నా పుస్తకం. పదకొండేళ్లుగా రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు వానపాత్ర చూసి రాస్తున్నాను. వాతావరణ శాఖ లెక్క తీసేదీ ఆ గంటకే కాబట్టి, నాదీ అదే గంట. గాలి ఎటునుంచి, మబ్బు ఏ రకం, చంద్రుడికి గుడి కట్టిందా లేదా, అన్నీ అందులో ఉంటాయి.

ఈ పిచ్చి అంతకు ముందే ఉందని మా అమ్మ అంటుంది. 1989 నవంబరులో తుఫాను కావలి దగ్గర తీరం దాటినప్పుడు నాకు పన్నెండేళ్లు. రేడియో చెవికి ఆనించుకుని కూర్చున్నానట. ఆ తర్వాత తుఫాను హెచ్చరికల్లో ఎంత మార్పు వచ్చిందో కళ్లారా చూసినవాణ్ణి. 2021 నవంబరులో పెన్న పొంగి మా పక్కనే పడుగుపాడు దగ్గర రైలుకట్ట కొట్టుకుపోయినప్పుడు కూడా, వాన గురించి ముందే తెలిసింది. అందుకు మీకు రుణపడి ఉన్నాం. ఈ మాట మొహమాటానికి కాదు. అయితే ఈ ఉత్తరం వాన గురించి కాదు.

నిరుడు అక్టోబరులో, చిత్త కార్తెలో మా ఊరి మీద వారం రోజులు పొగ కమ్మింది. అర్జీ పెట్టాను, రసీదు ఇచ్చారు. ఏ కార్యాలయమో చెప్పను, గొడవ ఆ ఒక్కరితో కాదు. కొన్ని వారాలకు ఫోనుకు సందేశం వచ్చింది: అర్జీ పరిష్కరించబడింది. ఎట్లా పరిష్కరించారో కనుక్కుందామని వెళితే కాగితం మీద ఒక్క ముక్క ఉంది: "సీజనల్ పొగమంచు."

చిక్కంతా ఆ మాటలోనే ఉందండీ. మన భాషలో మంచు దట్టంగా కమ్మితే పొగమంచు అంటాం. అందులో పొగ ఉండదు, పొగలా కనిపిస్తుంది, అంతే. నిజంగా పొగే కమ్మితే దానికి వేరే మాట లేనట్టు, అదే మాట కింద తోసేశారు. మంచయితే దేవుడిది, పొగయితే మనిషిది. మొదటిదానికి ఎవరూ జవాబు చెప్పనక్కరలేదు.

సరే, మంచో పొగో తేలుద్దామని ఈ ఏడు రెండు థర్మామీటర్లు కొన్నాను. ఒకదాని బుడ్డికి తడి గుడ్డ చుట్టి, గుడ్డ కొస చిన్న నీళ్ల సీసాలో ఉంచాను. గాలిలో తేమ నిండుగా ఉంటే తడి గుడ్డ ఆరదు, రెండు థర్మామీటర్లూ ఒకటే చూపిస్తాయి. గాలి పొడిగా ఉంటే గుడ్డ ఆరుతూ చల్లబడి ఆ రెండోది కిందికి దిగుతుంది. మంచు కట్టాలంటే రెండిటి మధ్య తేడా దాదాపు ఉండకూడదు. ఇది హైస్కూలు పాఠం, నా కనిపెట్టుడు కాదు.

దానికి తోడు ఒక స్టీలు పళ్లెం. మొహం కనిపించేట్టు తోమి రాత్రి డాబా మీద పెడతాను, ఉదయం ఆరింటికి తీస్తాను. మంచు పడ్డ రోజున పళ్లెం నిండా నీటి బొట్లు, తుడిస్తే గుడ్డకు మరక అంటదు. పొగ పట్టిన రోజున పళ్లెం పొడిగా ఉంటుంది. దాని మీద నల్లటి పోచలు పడి ఉంటాయి. దగ్గరికి వంగి చూస్తే కాలిన గడ్డిపోచ ఆకారం చెడకుండా, ఈనె గీత కూడా కనిపిస్తూ ఉంటుంది. ఊపిరి తగిలితే కదులుతుంది, వేలు పెడితే పొడి అయిపోతుంది. కొన్ని రోజుల్లో మాత్రం పోచలుండవు. జిడ్డుగా సన్నటి మసి ఉంటుంది, తోమితే ఒకపట్టాన పోదు, ప్లాస్టిక్ వాసన. అది గడ్డి కాదు, చెత్త దిబ్బ. పళ్లెం చూసి ఏది ఏదో మా ఆవిడ కూడా చెప్పగలదు ఇప్పుడు. ఆ పళ్లెంలో అన్నం పెట్టనని కూడా చెప్పింది.

చూపు ఎంత దూరం ఆనుతుందో కొలవడానికి మూడు గుర్తులు పెట్టుకున్నాను. నీళ్ల ట్యాంకు 400 మీటర్లు, తాటిచెట్ల వరస కిలోమీటరు, సెల్ టవరు రెండు కిలోమీటర్లకు కాస్త పైన. ఈ ఏడు చిత్త, స్వాతి రెండు కార్తెలూ కలిపి నేను రాసుకున్న తెల్లవారుజాములు 27. వాటిలో పొగ 14, అసలు మంచు 3, రెండూ కలిసినవి 2, వాన 5, తేటగా ఉన్నవి 3. పొగ పట్టిన పద్నాలుగింటిలో పది చిత్తలోనే. ఆ పద్నాలుగు ఉదయాల్లో పొడి, తడి థర్మామీటర్ల తేడా ఒక్కరోజు కూడా రెండున్నర డిగ్రీలకు తగ్గలేదు. ఒకనాడు 24, 20.5. అంటే తేమ 72 శాతం దగ్గర. ఆ తేమకు మంచు కట్టదు. ఆ రోజు నాకు తాటిచెట్లు కనపడలేదు. మంచు పడ్డ మూడు రోజుల్లో తేడా అర డిగ్రీ కూడా లేదు. మీరు పొగమంచు అని రాస్తే ఆ మూడు రోజులకు రాయండి, నాకు అభ్యంతరం లేదు.

ఒక చిన్న యంత్రం కూడా కొన్నాను, గాలిలో సన్నటి ధూళిని అంకెల్లో చూపించేది. దాని అంకెలు మీకు పంపడం లేదు. గాలిలో తేమ బాగా ఉన్న రోజున ధూళి కణాలు ఉబ్బి, ఆ యంత్రం ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. తప్పు లెక్క ఇచ్చి మంచి అర్జీని చెడగొట్టుకోలేను.

ఇప్పుడు అసలు సంగతి. పొగ ఏడాదంతా ఎక్కడో ఒకచోట ఉంటుంది. చిత్తలోనే ఎందుకు ఇంతగా కమ్ముకుంటుంది? పడమటి గాలి పోయి ఈశాన్యం దిగే మధ్యలో, అక్టోబరు రెండో వారం నుంచి మూడో వారం చివరిదాకా, మా తీరంలో గాలి తిరిగే కాలం. ఏ గాలీ నిలకడగా ఉండదు. ఒకరోజు మిట్టమధ్యాహ్నం ఎండ వైశాఖంలా మాడుస్తుంది, సాయంత్రానికి ఉరుములు, మర్నాడు ఆకు కదలదు. మబ్బులేని రాత్రి నేల తొందరగా చల్లబడి, దాని మీది గాలి చల్లబడి, పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. నమ్మకం లేకపోతే తెల్లవారి మా మిల్లు గొట్టం చూడండి. (మా మిల్లుకూ ఊక కాల్చే బాయిలరు ఉంది. పొగ గురించి రాస్తూ దాన్ని దాచడం బాగుండదు.) పొగ నిటారుగా లేస్తుంది, కొబ్బరిచెట్ల తలల కంటే కాస్త పైదాకా పోతుంది, అక్కడ గాజుపలక తగిలినట్టు ఆగి పక్కకు పరుచుకుంటుంది. డాబా మీద నిలబడితే పరిచిన తెల్లదుప్పటి మీద కొబ్బరి మట్టలు మొలిచినట్టు కనిపిస్తాయి. తొమ్మిది దాటాక ఎండకు ఆ మూత విడుతుంది. మధ్యాహ్నానికి సముద్రపు గాలి వచ్చి అంతా ఊడ్చుకుపోతుంది.

ఈ ఏడు నా రెండో అర్జీ మీద తనిఖీకి ఒకాయన వచ్చారు. మర్యాదస్తులు, మజ్జిగ ఇస్తే తాగారు. వచ్చింది మధ్యాహ్నం పన్నెండున్నరకు. ఆకాశం కడిగినట్టు నీలంగా ఉంది. "పొగ ఎక్కడ సార్?" అని అడిగారు. పొద్దున ఆరింటికి రండి అన్నాను. డ్యూటీ టైము పదిన్నర నుంచి అన్నారు. ఆ అర్జీ కూడా పరిష్కారమైపోయింది.

మూడో అర్జీకి వచ్చిన జవాబు ఇంకా బాగుంది. ఉపగ్రహం మ్యాపులో మా ప్రాంతంలో మంటలు లేవట. నేనూ చూశాను ఆ మ్యాపులు, ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. 375 మీటర్ల గడిలో మంటలు పట్టే ఆ ఉపగ్రహాలు మన మీదుగా పోయేది సుమారు మధ్యాహ్నం ఒకటిన్నరకు, మళ్లీ రాత్రి ఒకటిన్నరకు. మా దగ్గర గడ్డికి నిప్పు పెట్టేది సాయంత్రం అయిదు, ఆరు మధ్య. పొలం పని ముగిసి, ఇంటికి పోతూ పోతూ. అరగంటలో ఎకరం గడ్డి కాలిపోతుంది. ఉపగ్రహం వచ్చేసరికి అక్కడ ఉన్నది నల్లటి నేల, మా ఊపిరితిత్తుల్లో ఉన్నది మిగతాది.

రైతు మీద ఈ ఉత్తరం రాయడం లేదు. మా తమ్ముడే నిరుడు తన మూడెకరాలకు నిప్పు పెట్టాడు. ఎడగారు (పెద్ద పంటకు ముందటి పంట) కోత అయ్యేది ఈ చిత్త రోజుల్లోనే. వెనకటి రోజుల్లో కొడవళ్లతో కోసి, కట్టలు కట్టి, వామి వేసేవాళ్లు. ఇప్పుడు కోత మిషను వచ్చి మోకాలెత్తు మోళ్లు వదిలి, గడ్డి వరసలుగా చిమ్మి పోతుంది. పశువులు తగ్గాయి, గడ్డి ఎవరికి కావాలి? ఇంతలో ఈశాన్యం దిగితే మడి చిత్తడి అవుతుంది, పెద్ద పంటకు నారు పోయాలి. మా పొరుగు రైతు ఒకాయన నా మీద కోప్పడ్డాడు: "ఏంది సార్, మమ్మల్నంటారు? ఆ గడ్డి కట్టలు కట్టే మిషను కోసం పది రోజులు కాచుకుంటే వాన మీదికొస్తాది. నారు ఎప్పుడు పోసేది, ఎప్పుడు నాటేది?" ఆయన అన్నదాంట్లో తప్పు నాకు కనపడలేదు. తప్పు ఎక్కడుందంటే, గడ్డి తగలబెట్టక తప్పని ఆ పది రోజులూ, గాలి కదలని ఆ పది రోజులూ ఒకటే కావడంలో. ఇది ఏటా వచ్చేదే. ముందే తెలిసేదే. ముందు చెప్పేవాడే లేడు.

పొగాకు బేరన్లనీ (ఆకును వేడితో ఆరబెట్టే గదులు) ఇటుక బట్టీలనీ ఈ లెక్కలోకి తేను. ప్రకాశం వైపు బేరన్లు వెలిగేది ఈ కార్తెలు పోయాక, బట్టీలు వానల్లో కాలవు. చెత్త దిబ్బ సంగతి వేరు. దానికి కోతలు లేవు, నారు లేదు, తొందర లేదు. పట్టణం బయట పోసిన గుట్ట లోలోపల వారాల తరబడి రగులుతూనే ఉంటుంది, వాన పడినా పైపైన ఆరి లోపల కాలుతుంది. దానికి సాకు నాకు దొరకలేదు.

దీనివల్ల మామూలు మనుషులకు ఏమవుతోందో నేను చూసింది, రాసుకుంది చెబుతాను.

1. మా అమ్మకు ఆయాసం. రోజూ తెల్లారి నన్ను అడిగే మొదటి మాట, "రేయ్ అబ్బయా, గాలి యాడ్నుంచి రా ఈ పొద్దు?" తూర్పు అంటే అరుగు మీదికి వస్తుంది. పడమర అన్నా, గాలి లేదన్నా వెనక గదిలోకి పోయి తలుపు వేసుకుంటుంది. చిత్తలో పది ఉదయాలు ఆ తలుపు తెరవలేదు. రెండు రాత్రులు ఆమెను కూర్చోబెట్టి వీపు రాస్తూ తెల్లవార్చాం. మూడో రాత్రి ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయి ఆవిరి మందు పట్టించాం. అక్కడ బెంచీ మీద మాకంటే ముందు వచ్చినవాళ్లు నలుగురు, అందులో ఇద్దరు పిల్లలు. డాక్టరు అడిగిన ప్రశ్న, "ఇంట్లో కట్టెల పొయ్యి ఉందా?" లేదు. పొయ్యి ఊరంతా ఉంది. సన్నటి ధూళికి 24 గంటల సగటున ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు మించకూడదని మన దేశం 2009లోనే ప్రమాణం పెట్టుకుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 15. మా ఊళ్లో ఆ ఉదయాల్లో ఎంతుందో కొలిచినవాళ్లు లేరు గనక దాటిందని నేనూ చెప్పలేను, దాటలేదని మీరూ చెప్పలేరు.

2. పాలు పోసే మనిషి, పేపరు వేసే పిల్లాడు, చేపల బుట్టలతో బయల్దేరే ఆడవాళ్లు, అందరూ అయిదింటికి 16వ నంబరు జాతీయ రహదారి దాటాల్సినవాళ్లే. నాకు 400 మీటర్ల ట్యాంకు మసకగా కనిపించిన రోజులు రెండున్నాయి. లారీవాడికి అంతకంటే ఎక్కువ కనిపించదు.

3. నారుమడి పనికి, కలుపుకి పోయే కూలి ఆడవాళ్లు ఆటోల్లో ఒకరి మీద ఒకరు కూర్చుని పోతారు. వాళ్లు పొలానికి చేరే గంట, పొగ నేలకు ఆని ఉండే గంట, రెండూ ఒకటే. మాస్కు సంగతి అడిగితే నవ్వారు.

4. వడ్లు. రోడ్డు మీద ఆరబోసిన వడ్లు మామూలుగా రెండు ఎండలకు ఆరేవి, ఈ ఏడు మూడు ఎండలు పట్టాయి. ఎండ ఉంది, కానీ పొగ తెర వెనక ఉంది. ఒక ఎండ ఆలస్యమైతే ఏముందిలే అనుకోకండి. ఆ మూడో మధ్యాహ్నమే వాన పడింది. మిషను పెడితే 19 దాటింది. రైతు ఒప్పుకోలేదు, మళ్లీ పెట్టమన్నాడు, మళ్లీ పెట్టాను. తన గడ్డి పొగ తన వడ్లనే ఆరనివ్వలేదని అక్కడ కాటా దగ్గర చెప్పడానికి నాకు నోరు రాలేదు. టన్ను వరిగడ్డి కాలిస్తే నేల పోగొట్టుకునే నత్రజని 5.5 కిలోలు, పొటాష్ 25 కిలోలు అని వ్యవసాయ శాస్త్రవేత్తలు ఎన్నాళ్లుగానో చెబుతున్న లెక్క. అదీ ఆయన ఖాతాలోనే.

5. బడి. ప్రార్థన తొమ్మిది లోపు, ఆరుబయట. ఇంతకంటే చెప్పక్కరలేదు.

స్వాతిలో మూడో రోజు ఈశాన్యం దిగింది. మొదటి జల్లు నా వానపాత్రలో 3 మిల్లీమీటర్లు. కొలగాజులో పోస్తే పల్చటి టీ డికాషనులా ఉంది. పాతికేళ్ల కుర్రాళ్లు కూడా వచ్చి చూసి ఫొటోలు తీసుకున్నారు. రెండో జల్లు నీళ్లు తేటగా ఉన్నాయి. ఆ సీసా మూత బిగించి దాచాను. అడుగున వేలెడు కాకపోయినా గోరంత మసి దిగి ఉంది.

మీ పుస్తకాల్లో గాలి గంటకు 62 కిలోమీటర్లు చేరితే తుఫాను, దానికి ఒక పేరు. వాన 64.5 మిల్లీమీటర్లు చేరితే భారీ, 115.6 చేరితే అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. హెచ్చరికలకు పసుపు, నారింజ, ఎరుపు. పిడుగుకు దామిని యాప్ ఉంది, రైతుకు మేఘదూత్ యాప్ ఉంది. ఢిల్లీవాళ్లకు గాలి ఎప్పుడు చెడుతుందో ముందే చెప్పే ఏర్పాటు 2018 నుంచి ఉంది. ఏ గాలీ లేక పొగ నేలకు ఆనిన చిత్త తెల్లవారుకు మా జిల్లాలో పేరు లేదు, రంగు లేదు, పద్దు లేదు.

2019లో జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమం మొదలైంది. ప్రమాణాలు అందుకోని నగరాలుగా ఆ జాబితాలో నెల్లూరు ఉంది, ఒంగోలు ఉంది. మంచిదే. నగరం పొలిమేర దాటి ఆ కార్యక్రమం మా ఊరికి రాదు, మా ఊరి పొగ మాత్రం రాత్రి నేలగాలికి ఎక్కడికైనా పోతుంది.

కాబట్టి నేను అడుగుతున్నవి ఇవి. గొంతెమ్మ కోరికలేమీ లేవు.

1. నా మూడు అర్జీలనూ తిరిగి తెరవండి. "పొగమంచు" అని ఎవరు, ఏ రోజున, ఏ గంటకు, ఏం కొలిచి నిర్ణయించారో లిఖితపూర్వకంగా చెప్పండి. కొలవకపోతే కొలవలేదని రాయండి, అదీ జవాబే. 30 రోజులు చూస్తాను. ఆ తర్వాత ఇదే ప్రశ్న సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి అడుగుతాను.

2. వచ్చే చిత్త, స్వాతి కార్తెల్లో పెన్న డెల్టా మండలాల్లో తెల్లవారి అయిదు నుంచి ఎనిమిది మధ్య గాలిని కొలిపించండి. వానను మండలం మండలానికి కొలుస్తున్న యంత్రాంగం ఉండగా ఇది కొత్త సంగతి కాదు. కొలిచినది ఊరి సచివాలయం బోర్డు మీద ఆ రోజే సుద్దముక్కతో రాయించండి. నెల తర్వాత వచ్చే నివేదిక మా అమ్మకు పనికిరాదు.

3. మంగళవారం, శుక్రవారం రైతులకు వచ్చే వాతావరణ సలహాలో ఒక్క వాక్యం చేర్చండి: రానున్న మూడు రోజులు గాలి ఆడుతుందా లేదా, రాత్రి పొగ నిలుస్తుందా లేదా. ఆ లెక్కకు కావలసిన సమాచారం మీ దగ్గర ఇప్పటికే ఉంది. గాలి లేని మూడు రోజులు ఆగమంటే మా తమ్ముడైనా ఆగుతాడు. ఎప్పటికీ కాల్చొద్దంటే ఎవడూ వినడు.

4. గడ్డి కట్టలు కట్టే మిషన్లు ఎడగారు కోతకు ముందే రైతు సేవా కేంద్రాల దగ్గర అద్దెకు ఉండాలి. కోత మిషను ఏ రోజు ఏ ఊళ్లో ఉంటుందో దాని వెనకే ఇదీ వెళ్లేట్టు చూడండి. కట్టిన గడ్డిని పశువులున్న మెట్ట మండలాలకు చేర్చే దారి చూపండి. ఉదయగిరి వైపు వేసవిలో మేత కోసం పడే పాట్లు మీకు తెలియనివి కావు. ఇవేవీ చేయకుండా రైతు మీద కేసు పెట్టి పేపర్లో ఫొటో వేయించుకునే పని మాత్రం దయచేసి చేయొద్దు.

5. చెత్త దిబ్బ విషయంలో నేను ఇంత మెత్తగా అడగను. బహిరంగంగా చెత్త తగలబెడితే మామూలుగా 5,000, పెద్దమొత్తంలో అయితే 25,000 రూపాయలు జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులోనే చెప్పింది. అది టీ కొట్టువాడికేనా, దిబ్బ పోసినవారికి కూడానా? ఈ వానల్లోనే ఆ గుట్టను తవ్వి, ఆర్పి, మట్టి కప్పించండి. ఎండలొచ్చాక సాధ్యం కాదు.

6. తనిఖీకి వచ్చేవారిని ఒక్కరోజు తెల్లవారి ఆరింటికి పంపండి.

రైతు అన్నలకు ఒక మాట. ఈ ఉత్తరం చదివి నా మీద కోపం వస్తే మిల్లు దగ్గరికి రండి, కాటా పక్కనే ఉంటాను. నిప్పు పెట్టక తప్పని రోజు వస్తే సాయంత్రం కాక, మధ్యాహ్నం సముద్రపు గాలి ఆడేటప్పుడు పెట్టండి. పక్క చేను, కరెంటు తీగ చూసుకుని. కాల్చమని చెప్పడం లేదు, చీకటి పడ్డాక కాల్చిన పొగ కదలదని చెబుతున్నాను.

నా పుస్తకం, పళ్లెం మీది మసి చుట్టి తేదీ వేసిన పద్నాలుగు పొట్లాలు, మొదటి జల్లు సీసా ఇంట్లో ఉన్నాయి. ఎవరు వచ్చినా చూపిస్తాను, రసీదు ఇస్తే ఇచ్చి పంపిస్తాను. ఇప్పుడు అనూరాధ కార్తె నడుస్తోంది, ఈ ఉదయం గాలి ఈశాన్యం, టవరు దాకా తేటగా ఉంది, పళ్లెం నిండా నీటి బొట్లు. అమ్మ అరుగు మీద కూర్చుంది.

ఇట్లు,
ఒక రైస్ మిల్లు గుమాస్తా,
కోవూరు మండలం, నెల్లూరు జిల్లా